పుండుకు మొక్కిన మేక

"ఒలే సుమా, మీ అమ్మమ్మని బేగి నడవమను. మేక కన్నా అదే ఎక్కువ ఎనక్కి లాగుతంది."

సుక్రు మాట నెమ్మదిగా, ఒక్కో ముక్కా కూడదీసుకుని వచ్చింది. విశాఖలో నాలుక అంచు కోసి తీసినప్పటి నుంచి అతని మాట అంతే. మనవరాలికి అది అలవాటే. సుమ మేక తాడు పట్టుకుని గట్టు మీద ఆగి వెనక్కి చూసింది. గంగ ఇంకా కింద కాఫీ తోటలోనే, సిల్వర్ ఓక్ చెట్టుకు ఆనుకుని నిలబడి ఉంది.

"మోకాళ్లు నొప్పులు. నువ్వెల్లి ఇచ్చీసి రా మావా" అంది అక్కడి నుంచే.

అది కుదరదని ఆమెకూ తెలుసు. ఆ ఊళ్లో కొండతల్లికి మొక్కు చెల్లించాలంటే నయమైన మనిషే రావాలి. ఏ రోగం వచ్చిందో, ఎక్కడ వచ్చిందో తన నోటితో తల్లికి చెప్పుకోవాలి. చెప్పాకే పూజ చేసే దిసారి కత్తి పడతాడు. ఒకరి బదులు ఇంకొకరు చెప్తే తల్లి ఆ బలి ముట్టదు.

సుక్రు లోపల్లోపల నవ్వుకున్నాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ మేకను మేపింది గంగే. దాన్ని బలివ్వడానికి ఆమెకు మనసొప్పడం లేదు, అంతే. కానీ ఈ మొక్కు తీర్చకపోతే తాను మనిషే కాదు.

రెండేళ్ల కిందట, చోళ్లు, అదే రాగులు, కోసే రోజుల్లో గంగ కూడు మానేసింది. చోడి అంబలి తప్ప ఏదీ గొంతు దిగడం లేదంది. అంగిట్లో పుండు లేచిందని, కారం తగిలితే ప్రాణం పోతోందని కళ్లనీళ్లు పెట్టుకుంది.

గంగది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం ఆ కొండల్లో చాలామంది ఆడవాళ్లకు చిన్నప్పటి అలవాటు. అలా కాల్చేవాళ్లకు అంగిట్లో కేన్సర్ వస్తుందని ఆశా కార్యకర్త జీవిత ఇల్లిల్లూ తిరిగి చెప్పేది. సుక్రు వింటూ తానూ ఓ చుట్ట ముట్టించేవాడు. అతను నిప్పు బయటకు పెట్టి కాలుస్తాడు. ఆ రోగం నిప్పు మింగేవాళ్లదని, తనలాంటి మగాళ్ల జోలికి రాదని అతని ధీమా. ఊళ్లో మగాళ్లందరిదీ అదే ధీమా.

ఆసుపత్రి అంటే సుక్రుకు పడదు. తేలు కుట్టినా కొండ దిగలేదు. ఆ ఏడు విరిగిన పన్నొకటి గీసుకుని నాలుక మండుతుంటే పసరు రాసుకుని, కూరలో కారం తగ్గించమని ఊరుకున్నాడు. జీవిత వచ్చి చూస్తానంటే నోరు విప్పకుండానే పొమ్మన్నాడు.

గంగ విషయంలో మాత్రం ఆగలేకపోయాడు. అన్నం ముందు పెట్టుకుని ఆమె ఏడుస్తుంటే అతని ముద్ద కూడా దిగలేదు. మర్నాడే జీపెక్కించి అరకు తీసుకెళ్లాడు. దారంతా ఆమె చెయ్యి వదల్లేదు. దాని నోరు బాగు చెయ్యి తల్లీ, నీకు మేకనిస్తాను అని మలుపు మలుపుకీ మొక్కుకున్నాడు.

తీరా పంటి డాక్టరమ్మ టార్చి పట్టుకుంటే గంగ పళ్లు బిగించుకుని కూర్చుంది. డాక్టరమ్మ బతిమాలింది. తోడు వచ్చిన జీవిత కసిరింది. గంగ బిగించిన పళ్లు విప్పలేదు. ఆఖరికి మొగుడి వైపు తిరిగింది.

"నాకు బయమేస్తంది మావా. ముందు నువ్వు తెరిచి సూపించు. అప్పుడు నేను తెరుత్తాను."

"ఇదేటి, పెద్ద ఇసయమా" అని సుక్రు కుర్చీలో కూర్చుని నోరు బార్లా తెరిచాడు.

డాక్టరమ్మ టార్చి అతని నాలుక పక్కన ఆగిపోయింది. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ముక్క తీసి పరీక్షకు పంపారు. విశాఖలో నాలుక అంచుతో పాటు మెడలో గడ్డలూ తీసేశారు. పక్క మంచం మీద కొయ్యూరు వైపు మనిషి ఒకతను ఉండేవాడు. అతనిదీ అదే పుండు, కాకపోతే ముదిరాక వచ్చాడు. సుక్రు ఇంటికి వచ్చాడు, అతను రాలేదు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే నీకూ మేమేం చెయ్యలేకపోయేవాళ్లమని డాక్టర్లు సుక్రుతో అన్నారు. మొన్న చూపించుకున్నప్పుడు రోగం మళ్లీ ఎక్కడా కనపడలేదని భుజం తట్టి పంపారు.

ఆ హడావిడిలో గంగ గురించి అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. పొగ మానేస్తే తగ్గిపోద్దన్నారని ఆమే చెప్పింది. ఆ రోజు నుంచి చుట్ట ముట్టలేదు. ఒక్క బిళ్లయినా మింగకుండానే మళ్లీ కారం తినడం మొదలుపెట్టింది.

తన రోగం డాక్టర్లు తీశారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాడు సుక్రు. జీవిత ఇంటికి తేనె పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాడు. గంగ పుండు మాత్రం తల్లే తీసింది. అసలు ఇచ్చిందీ తల్లేనని, తనను కొండ దింపడానికే ఇచ్చిందని అతని నమ్మకం.

గట్టు మీద దిసారి బుధు రాయికి పసుపు పూసి, మేక ముందు బియ్యం పోసి కూర్చున్నాడు. గంగ ఎట్టకేలకు ఎక్కి వచ్చి, ఆయాసపడుతూ మొగుడి పక్కన నిలబడింది.

సుక్రు రాయి ముందు వంగాడు.

"దీనికి పుండిచ్చి... నన్ను బతికించినావు తల్లీ. నా కోసం ఇది బాద పడింది. ఆ రునం... నేను తీర్సలేను. ఈ మేకని తీస్కో."

అతని చెంపల మీదుగా నీళ్లు కారాయి. సుమ తాత చెయ్యి పట్టుకుంది. బుధు గంగ వైపు చూశాడు.

"ఇప్పుడు నువ్వు సెప్పు గంగమ్మా. రోగం ఏటి, ఎక్కడొచ్చింది? ఉన్నదున్నట్టు సెప్పాల. తల్లి ఇంటంది."

గంగ మేకను చూసింది. మొగుణ్ణి చూసింది. మెల్లగా చేతులు జోడించింది.

"నాకే పుండూ రాలేదు తల్లీ."