ఎదురెదురు అద్దాలు

మూసేవేళ గంట కొట్టినా ఆ పెద్దావిడ కుర్చీ వదల్లేదు.

సైన్సు మ్యూజియంలో అది ఆఖరి గది. ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, గిన్నెల్లా లోపలికి వంగిన రెండు పెద్ద అద్దాలు. మధ్యలో ఏమీ తగలకుండానే వేడి ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా చేరుతుందో చూపించడం అక్కడి అమ్మాయి ఉద్యోగం.

"పిచ్చుకా! నిన్ను లోపలే పెట్టి తాళం వేసెయ్యనా?" గుమ్మంలోంచి కాపలాదారు కేకేశాడు.

"అయిపోయింది బాబాయ్, వచ్చేస్తున్నా!"

ఆవిడ తలెత్తింది. "పిచ్చుకేమిటమ్మా?"

"పుట్టినప్పుడు గుప్పెడంతే ఉన్నానట. అప్పుడంటుకున్న పేరు, ఇంక వదల్లేదు."

ఆవిడ ఆ ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"నాకూ ఒక్కసారి చూపించవూ?"

అమ్మాయికి బస్సు వేళవుతోంది. అయినా కాదనలేకపోయింది. దూరపు అద్దం ముందు పటకారుతో మంచుగడ్డ పెట్టి, ఆవిడను ఇటు అద్దం ముందు గుర్తు దగ్గర బుగ్గ ఉంచమంది.

"అమ్మో, అక్కణ్ణుంచి చలి వచ్చేస్తోందే!"

"అందరూ అదే అంటారు. చలి రావడం లేదండీ. మీ బుగ్గలో వెచ్చదనమే ఆ గడ్డకి పోతోంది."

"పోనీలే తల్లీ. చల్లబడ్డదానికి ఇవ్వాల్సిందేగా."

అమ్మాయి నవ్వింది.

"ఇప్పుడు గడ్డ తీసేసి నీ అరచెయ్యి పెట్టు."

"చేతి వేడి ఇంత దూరం ఏం తెలుస్తుందండీ? కాల్చిన ఇనుప గుండు పెట్టాలి."

"నాకు తెలుస్తుందిలే."

పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఇంకాసేపు ఉంచమ్మా."

"బస్సు పోతుందండీ." చెయ్యి తీసేసింది.

ఆవిడ శాలువా సర్దుకుని లేచింది. "చాల్లే. వెచ్చగానే ఉన్నావు."

అమ్మాయి ఇంటికెళ్ళి అమ్మతో చెప్పుకుని నవ్వింది. "ఎవరో వింత మనిషమ్మా! గది ఆ చివర కూర్చుని, వెచ్చగానే ఉన్నావని నాకు సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళింది."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఆ మాటే అందా? మెడ మీద తెల్లమచ్చ ఉందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

"ఎటు వెళ్ళింది?"

"అడగలేదమ్మా."

అమ్మ పొయ్యి ఆర్పి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"నేనూ ఆ రోజు ఏమీ అడగలేదే, పేరైనా."

మెల్లగా చెప్పింది.

"నువ్వు పుట్టి ఒళ్ళు చల్లబడిపోతుంటే, నేను స్పృహలో లేకపోతే, ఆసుపత్రిలో అప్పుడే బిడ్డను పోగొట్టుకున్న పక్క మంచం ఆవిడ 'ఈ పిచ్చుకకి చలేస్తోంది' అంటూ నిన్ను తన గుండెలకి అదుముకుని పడుకుందట; నాకు తెలివొచ్చాక 'వెచ్చగానే ఉంది' అని నా చేతుల్లో పెట్టి, వట్టి చేతులతో వెళ్ళిపోయింది."