గది కంటే పెద్ద స్పీకర్లు

స్పీకర్లు బిగించడానికి వచ్చిన మనిషి పెట్టెలు విప్పలేదు. హాలు మధ్యలో నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు.

ఇంజనీరుకు ఒళ్ళు మండింది.

“ఏంటా పని?”

“గది ఎలా పలుకుతుందో వింటున్నాను సార్.”

అరవై దగ్గర పడ్డ మనిషి. ముందుకు వంగితే తప్ప ఆయన మాట వినపడదు.

“కిందంతా రాయి, పక్కన అద్దాలు, గోడలు బోసి. ఈ గదికి ఇంత పెద్ద స్పీకర్లు వద్దు సార్. మోత ఎక్కువై మాట మునిగిపోతుంది. షాపులో చిన్న జత ఉంది. గోడకి మూరెడు ఎడంగా, మీరు కూర్చుంటే చెవి ఎత్తుకి వచ్చేలా పెడతాను. కింద ఓ తివాచీ పరిస్తే చాలు.”

“నేను కట్టిన వంతెనల మీద ముప్పై ఏళ్ళుగా రైళ్ళు నడుస్తున్నాయి. గదుల గురించి నువ్వు నాకు చెప్తావా?”

“చెప్పడం కాదు సార్. మీరు వినేది పాటలా, మాటలా?”

“ఏదైతే నీకెందుకు? షాపులో ఉన్నవాటిలో పెద్దవి అడిగాను. బిగించి వెళ్ళు.”

“సార్, ఇంకో మాట చెప్పాలి. అసలు నేనొచ్చింది...”

“చాలు. నీతో కాదు, ఇంకొకర్ని పిలిపించుకుంటాను.”

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంజనీరు షాపుకి ఫోన్ చేశాడు.

“పని చేసేవాళ్ళని పంపండి. పాఠాలు చెప్పేవాళ్ళని కాదు.”

మర్నాడు ఇద్దరు కుర్రాళ్ళొచ్చి, నిలువెత్తు స్పీకర్లను రెండు మూలల్లోకి నెట్టి అరగంటలో పని ముగించారు. సాయంత్రం షాపు యజమానే ఫోన్ చేశాడు.

“పెద్దాయన్ని పనిలోంచి మాన్పించేశాను సార్. మీరేం అనుకోవద్దు.”

ఇంజనీరు ఏమీ అనుకోలేదు.

ఇంజనీరు భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆమె పదకొండేళ్ళ పాటు ప్రతి శనివారం లైబ్రరీకి వెళ్ళి, చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేయించేది. జబ్బు చేశాక కూడా మానలేదు.

“ఒక్కసారి వినండి, ఎలా చదువుతున్నానో చెబుదురుగాని,” అనేది.

“తర్వాత వింటాలే,” అనేవాడు.

ఆ రికార్డింగు గది మూతపడింది. దగ్గులూ మధ్యలో మాటలూ కత్తిరించని ఆమె రికార్డింగులన్నీ లైబ్రరీ వాళ్ళు ఇంటికి పంపారు. వాటి కోసమే ఈ స్పీకర్లు.

మొదటిరోజు తలుపులేసుకుని, ఎదురుగా కూర్చుని పెట్టాడు.

నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది గొంతు. ఒక మాట మోత తగ్గకముందే ఇంకో మాట దాని మీద పడుతోంది. సౌండు పెంచాడు. అద్దాలు అదిరాయి తప్ప మాట తేలలేదు.

జబ్బే ఆమె గొంతును అలా చేసిందనుకున్నాడు.

రోజూ విన్నాడు. నెల తిరిగేసరికి ఒక సంగతి తెలిసొచ్చింది. వంటింట్లోంచి ఆమె తనను పిలిచే పిలుపు గుర్తు చేసుకోబోతే, ఆ నూతిలోని గొంతే వస్తోంది. అసలు గొంతు ఎంత వెతికినా దొరకడం లేదు.

స్పీకర్లు ఆపేశాడు. అయినా ఆ పిలుపు తిరిగి రాలేదు.

మూడో నెలలో, మాట మునిగిపోతుందన్న పెద్దాయన హెచ్చరిక గుర్తొచ్చి షాపుకి వెళ్ళాడు.

“ఆ చిన్న జత కావాలి. ఆ రోజు వచ్చిన పెద్దాయన్నే పంపండి. నేను మాట్లాడతాను ఆయనతో.”

యజమాని తల దించుకున్నాడు.

“ఆయన పోయాడు సార్. నెల దాటింది. పని పోయాక గది దాటి బయటికి రాలేదట.”

ఇంజనీరు చిన్న జతకు డబ్బు లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టాడు.

“అసలాయన ఇళ్ళకి వెళ్ళేవాడే కాదండీ,” అన్నాడు యజమాని. “మా దగ్గర చేరిన ఆ కొద్ది నెలలూ లోపల రిపేర్లే చూసేవాడు. ఆర్డరులో మీ పేరు చూసి, ఆ ఇంటికి నేనే వెళ్తానని పట్టుబట్టాడు.”

“ఎందుకట?”

“అడగలేదు సార్.”

చిన్న జతను ఇంజనీరే బిగించుకున్నాడు. గోడకి మూరెడు ఎడంగా, చెవి ఎత్తుకి. పడకగదిలోని తివాచీ తెచ్చి పరిచాడు. చిట్టచివరి రికార్డింగు పెట్టాడు.

ఆమె వచ్చింది.

పల్చటి గొంతు, కాస్త తొందర. పేజీ తిప్పేముందు తీసుకునే చిన్న ఊపిరి కూడా వినపడింది. జబ్బు ఆ గొంతును ఏమీ చేయలేదు.

ఇంజనీరు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

చదువుతూ చదువుతూ ఆమె దగ్గింది. చాలాసేపు దగ్గింది. గ్లాసు చప్పుడు. ఇన్నాళ్ళూ ఇక్కడ ఉత్త గుయ్యిమనే మోతే ఉండేది. ఇప్పుడు మైకుకు దూరంగా, రికార్డు చేసే మనిషి కాబోలు, ఎవరో మాట్లాడడం వినపడింది.

“సార్‌ని ఒక్కసారి తీసుకురండి అక్కా. ఇక్కడ కూర్చుని వింటారు.”

ఆమె నవ్వింది.

“ఆయనకి ఎప్పుడూ తర్వాతే. నేను పోయాక వింటార్లే. అప్పుడు మాత్రం ఆయన్ని ఒక్కరినీ వదిలేయకు తమ్ముడూ. నువ్వే దగ్గరుండి వినిపించు.”



“అలాగే అక్కా,” అంది, ఇంజనీరు ఆ రోజు ఇంట్లోంచి పంపేసిన మనిషి గొంతు.