పూతలపట్టు మహాసభలో గంజాయి

బల్లమీది ఇత్తడి పళ్ళెంలో పిడికెడు గంజాయి, పట్టాభిషేకమని పిలిపించి శిరశ్ఛేదానికి నిలబెట్టిన రాజులాగా కొలువుదీరి ఉంది.

అది పందొమ్మిది వందల నలభై ఆరు. కల్లూ సారాయీ మళ్ళీ నిషేధమైన జిల్లాలో సర్కారు లైసెన్సు గంజాయి అంగడి ఉండవచ్చునా, ఉండరాదా? ఈ ధర్మసందేహం తీర్చడానికే పూతలపట్టు బడిలో మహాసభ కూడింది. మహాసభ అనగా నలభై మంది మనుషులు, నాలుగు బెంచీలు.

అంగడి ఆదిమూలానిది. కొండకు నడిచిపోయే బైరాగులే అతని ఇరవై ఏళ్ళ బతుకు.

అయినా అతనికి బెంగ లేదు. చిన్ననాటి స్నేహితుడు సుందరరాజు తన పక్షాన సాక్ష్యం చెబుతానన్నాడు.

ఆ సాక్ష్యం సామాన్యమైనది కాదు. నిరుడు సుందరరాజు తల్లి చంద్రకాంతమ్మ కడుపులో పుండుతో రాత్రింబగళ్ళు కేకలు పెట్టింది. చిత్తూరు డాక్టరు పెదవి విరిచాడు. అప్పుడు సుందరరాజే వచ్చి ఆదిమూలం చేతులు పట్టుకున్నాడు.

"నెయ్యిలో ఏంచి, బెల్లమేసి లేహ్యం చెయ్యప్పా. కొండమింద ప్రసాదమని చెప్పు. అమ్మతో అబద్ధమాడేదానికి నాకు నోరు రాదు."

ఆదిమూలానికి వచ్చింది. రోజూ తానే తినిపించాడు. కేకలు ఆగాయి.

మూడోనాడు ముసలమ్మ అతణ్ణి చూసి నవ్వింది.

"ప్రసాదానికి నీ అంగడి వాసన యాడిదిరా, ఆదిమూలం? నాకు తెలిసిందని మావానికి చెప్పొద్దు. సిగ్గుతో సస్తాడు. నా మింద ఒట్టు."

ఒట్టు వేశాడు. రెండు నెలలకు ఆమె నిద్రలోనే పోయింది.

సుందరరాజు వేదిక ఎక్కాడు. తలమీద కొత్త ఖద్దరు టోపీ. నిషేధ ప్రచార సంఘానికి నేటినుంచి ఈయనే కార్యదర్శి అని అధ్యక్షులు ఏకాంబరం మొదలియారు సెలవిచ్చారు.

ఆదిమూలం ఆ మాట అప్పుడే విన్నాడు.

"సోదరులారా! ఈ ఊళ్ళో ఒక గంజాయి అంగడాయన, ప్రసాదమని నమ్మించి, ఆచారం తప్పని మా తల్లికి ఈ విషం తినిపించినాడు. ఆయన పేరు మాత్రం నేను చెప్పను."

ఊళ్ళో గంజాయి అంగడి ఒకటే.

నలభై తలలూ వెనక్కి తిరిగాయి.

"థూ! సావుబతుకుల్లో ఉండే ముసిల్దానికా?" అన్నారెవరో.

"ఏమప్పా, ప్రసాదమని చెప్పింది నువ్వేనా?" అని అడిగారు అధ్యక్షులు.

"నేనే సామీ."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఆయన్నే అడగండి."

సుందరరాజు గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "నేనా? కన్నతల్లికా? అట్లన్నోని నోట్లో పురుగులు పడా!"

నోరు రానివాడికి ఎంత చక్కగా వచ్చింది!

మొదలియారు న్యాయం తెలిసినవారు. గొంతు తగ్గించి అన్నారు. "అది గంజాయని ఆయమ్మకు తెలుసునా? తెలిసి తినింటే వైద్యం. తెలీక తినింటే మోసం. బాగా ఆలోచించి చెప్పప్పా. నీ అంగడి ఆ ఒక్క మాటమిందే ఉండాది."

ఆదిమూలం నోరు తెరిచాడు.

వేదికమీద సుందరరాజు తల్లి పేరున కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"తెలీదు సామీ," అన్నాడు ఆదిమూలం.

అంగడి పోవాలనే వారిని చేతులెత్తమన్నారు. మొదట లేచిన చెయ్యి సుందరరాజుది.