కనుమ దారికి కొత్త టైర్లు

"ఇది నిరుటి సరుకు. లోపల్నుంచి ఇంకోటి తీసుకురా," అన్నాడు తోకుజో, టైరు పక్కన అచ్చొత్తిన, తయారైన ఏడాది చెప్పే నాలుగంకెల మీద వేలు పెట్టి.

కొట్టు యజమాని కుమగాయ్ నవ్వాడు. "కళ్ళద్దాలు లేకుండానే చదివేశారే! ఎనభై రెండేళ్ళవాళ్ళకి టైర్లమ్మడం నావల్ల కాదు బాబూ."

"ఎనభై ఒకటి. రబ్బరుకైనా నాకైనా పుట్టిన ఏడాది సరిగ్గా చెప్పాలి."

ఊళ్ళో ఇంకా మంచు పడలేదు. చుట్టూ ఉన్న ఉత్తర జపాను హొక్కైడో కొండలు మాత్రం తెల్లబడ్డాయి. ఊరందరికీ చలికాలం టైర్లు గుర్తొచ్చే శనివారం అది. కొట్టు ముందు అయిదు బళ్ళు వరసలో ఆగి ఉన్నాయి.

తోకుజో ముప్పై నాలుగేళ్ళు రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపాడు. ఆయన భార్య హత్సుయో రెండేళ్ళుగా కనుమకి అవతల ఊళ్ళో, ఆసుపత్రిలో ఉంది. మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. నర్సులు తినిపించబోతే నోరు బిగించేస్తుంది. మంగళవారం, శుక్రవారం తోకుజో వెళ్ళి చెంచాతో గంజి పెడితే మాత్రం గిన్నె ఖాళీ చేస్తుంది. కనుమ మీద తిరిగే బస్సు తీసేసి చాలా కాలమైంది. ఆయన వెళ్ళాలంటే కారు ఒక్కటే దారి.

పోయిన ఫిబ్రవరిలో కనుమ దిగుతుండగా ఆ కారు జారి మంచుగట్టులో కూరుకుపోయింది. ఆయనకేమీ కాలేదు. కానీ ఆ రోజు మొదలు, ఇక బండి నడపొద్దని, లైసెన్సు ప్రభుత్వానికి తిరిగి ఇచ్చెయ్యమని కూతురు నోరియె పోరు పెట్టింది. అక్టోబరు నెలంతా ఇద్దరికీ మాటల్లేవు. అలాంటిది ఈ ఉదయం ఆమే వచ్చి, "పద నాన్నా, కొత్త టైర్లు వేయిద్దాం," అంది.

కుమగాయ్ ఇంకో రకం దొర్లించుకుంటూ తెచ్చాడు. "మీది నాలుగు చక్రాలూ లాగే బండి. ఈ మధ్యరకం చాలు. ఊరికే ఎందుకు ఖర్చు?"

"నాలుగూ లాగితే కొండెక్కుతుంది. దిగేటప్పుడు ఆపేదెవరు, మీ తాతా?"

"అబ్బో!"

"అబ్బో కాదు. కనుమలో నేను గట్టుల్లోంచి బయటికి లాగిన బళ్ళలో సగం ఇలాంటివే. ఎక్కేశాం కదా అని అదే ధైర్యంతో దిగుతారు. బ్రేకు వేశాక బండిని పట్టుకునేది ఇంజను కాదయ్యా, ఇదిగో, ఈ రబ్బరు." బొటనవేలితో టైరుని నొక్కి చూశాడు. "ఇది గట్టిగా ఉంది. చలికి రాయైపోతుంది."

"పోనీ రెండు కొత్తవి ముందు వేసి, మీ పాతవాటిలో మంచివి చూసి వెనక వేస్తే?"

"మొదటి మలుపులోనే వెనక భాగం ముందుకొచ్చి పలకరిస్తుంది."

పక్కనే నిలబడి ఉన్న నోరియె అంది: "నాలుగూ కొత్తవే వేయండి. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచివి. పేరు చెప్పగానే ఎవరైనా బాగున్నాయనాలి."

తోకుజో కూతురి వంక తిరిగి చూశాడు. సాయంత్రం దుకాణంవాళ్ళు సగం ధర చీటీ అంటించేదాకా చేప కొనని మనిషి ఆమె.  ఆయన కొత్త టైరు గాడుల్లో వేలు పెట్టి లోతు చూడసాగాడు.

గంటలో పని పూర్తయింది.

"పాతవి డిక్కీలో పడెయ్," అన్నాడు తోకుజో. "ఎండాకాలంలో వాటినే అరగదీస్తాను."

"మనవాళ్ళందరూ ఇంతే. చలికాలం టైరుని దారాలు తేలేదాకా వదలరు," అన్నాడు కుమగాయ్.

"వద్దులెండి, ఇక్కడే ఉంచేయండి," అంది నోరియె. "ఇంట్లో చోటు లేదు నాన్నా."

ఇంకో రోజైతే ఆయన వాదించేవాడే. ఇవాళ తలూపాడు.

నోరియె ఫోను తీసింది. తోకుజో టోపీ సర్దుకుని కారు పక్కన నిటారుగా నిలబడ్డాడు.

"కొంచెం పక్కకి జరుగు నాన్నా. బండి మొత్తం పడాలి."

ఆయన జరిగాడు. "ఆ ఫొటో ఆసుపత్రికి పంపు. మంగళవారం నేను వస్తున్నట్టు వాళ్ళకి తెలుస్తుంది."

"సరే."

లోపల డబ్బు తోకుజోయే ఇచ్చాడు. "నేనెక్కే బండికి నేనే ఇవ్వాలి," అంటూ కూతురి చేతిని పక్కకి తోశాడు. ఆమె రెండోసారి అడగలేదు.

"వంద కిలోమీటర్లు తిరిగాక తీసుకురండి, నట్లు బిగిస్తాను," అన్నాడు కుమగాయ్. "కొత్త రబ్బరు. మొదట్లో నెమ్మదిగా నడపండి."

"నాకు చెబుతున్నావా?"

"అలవాటు కొద్దీ అన్నాన్లెండి. హామీ కార్డు మీద సంతకం బదులు మీ పేరు ముద్ర కావాలి."

"ముద్ర నోరియె దగ్గరుంది. పింఛను కాగితాలకని పోయినవారం తీసుకుంది. ఇప్పుడు నా పేరు మోసేది కూడా ఆవిడే," అని నవ్వుతూ తోకుజో బయటికి నడిచాడు.

కారు స్టార్టు చేశాడు. పదడుగులు ముందుకు పోనిచ్చి బ్రేకు వేశాడు. వెనక్కి వచ్చి మళ్ళీ వేశాడు. కిటికీ దించి, తల బయటపెట్టి, ముందు చక్రాన్ని చూసుకున్నాడు.

"చిన్నపిల్లాడైపోయాడు పెద్దాయన," అన్నాడు కుమగాయ్ అద్దంలోంచి చూస్తూ. "మంచి పని చేశావమ్మా. హత్సుయో గారికి ఈ చలికాలం గడిచిపోతుంది." హామీ కార్డు ముందుకు లాక్కుని కలం విప్పాడు. "పేరు షిరాటొరి తోకుజో. అంతేగా?"

నోరియె బయటికి చూడలేదు.

"కాదు, రేపు ఈ బండి కొనుక్కెళ్ళేవాళ్ళ పేరు రాయండి."