పక్క సీటు

ఆ మనిషి తనను పక్కకు జరగమని స్టీరింగ్ ఎందుకు తీసుకోలేదు?

పదకొండేళ్ళుగా జీపు డ్రైవరు మనసును తొలుస్తున్న సందేహం ఇది.

ఆ రోజు జోరున వాన. వెనక సీట్లో భార్య నొప్పులు పడుతోంది. ఆసుపత్రి కొండకు అవతల ఉంది. మధ్యలో నిట్టనిలువు ఎత్తు, దాని నిండా బురద.

బండి ఎక్కకపోతే ఇంకా రేజ్ చెయ్యాలి. అప్పటికి అతనికి తెలిసిన విద్య అదొక్కటే.

చేశాడు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. క్లచ్ కాలిన వాసన జీపంతా నిండింది.

"అది అరుస్తోంది, నేనూ అరుస్తున్నాను. ఒకళ్ళనైనా ఆపండి," అంది భార్య పళ్ళు బిగించి.

అప్పుడే తలుపు తీసుకుని ఎవరో పక్క సీట్లోకి ఎక్కారు. ఒళ్ళంతా తడిసిన మనిషి. గోళ్ళ నిండా గ్రీజు.

"ఎవరయ్యా నువ్వు? నా కొంప మునుగుతుంటే నీకు లిఫ్టు కావాల్సొచ్చిందా? దిగు."

ఆ మనిషి ఉలకలేదు, పలకలేదు. డ్రైవరు మోకాలు పట్టుకుని, యాక్సిలరేటర్ మీది పాదాన్ని పైకి లేపాడు. రెండో కాలి మీద తట్టి క్లచ్ తొక్కించాడు. పక్కనున్న చిన్న గేరు రాడ్డును లాగాడు. వేగం తగ్గించి నాలుగు చక్రాలకూ బలమిచ్చే రాడ్డు అది. కొన్న రోజు నుంచీ డ్రైవరు దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

తర్వాత డ్రైవరు చేతి మీద తన చెయ్యి వేసి, పెద్ద రాడ్డును రెండో గేరులోకి నెట్టాడు. మళ్ళీ కాలి మీద తట్టాడు. క్లచ్ వదలమని.

ఇంజను ఆగిపోతుందనుకున్నాడు డ్రైవరు.

ఆగలేదు. చక్రాలు ఉన్నచోటే తిరగడం మాని మట్టిని పట్టుకున్నాయి. జీపు మూలుగుతూ, బరువు మోసే మనిషిలా అడుగులో అడుగు వేసుకుంటూ పైకి పాకింది.

ఇంజను వణికినప్పుడల్లా చేతి మీది చెయ్యి నొక్కేది. అప్పుడు యాక్సిలరేటర్ కాస్తంత. వణుకు తగ్గగానే ఆ చెయ్యి తేలికయ్యేది. అప్పుడు వదిలెయ్యాలి.

కొండ మీదికి చేరగానే ఆ మనిషి దిగిపోయాడు. డ్రైవరు ఎన్నిసార్లు పిలిచినా వెనక్కి చూడలేదు.

సాయంత్రానికి కూతురు క్షేమంగా పుట్టింది.

"వచ్చింది దేవుడే," అంటుంది భార్య ఇప్పటికీ.

"దేవుడి గోళ్ళలో గ్రీజు ఉంటుందా?"

"పని చేసే దేవుడైతే ఉంటుంది."

"మరి తనే నడపొచ్చుగా? చేతులు వణికేవాడి చేత నడిపించడమేంటి?"

"దేవుడెప్పుడూ మన చేతే నడిపిస్తాడు. రోజూ దణ్ణం పెడతారు, ఆ మాత్రం తెలీదా?"

అతను రోజూ దణ్ణం పెట్టే మాట నిజమే. కానీ పెట్టిన ప్రతిసారీ తను తిట్టిన తిట్టే గుర్తుకొచ్చేది. కోపంతోనే వెళ్ళిపోయాడేమో ఆ మనిషి.

ఈమధ్య జీపు గేరుబాక్సు మొరాయించింది. ఎవరో చెబితే ఊరి చివర షెడ్డుకు తీసుకెళ్ళాడు. మెకానిక్ ఒక అమ్మాయి. మధ్యాహ్నానికల్లా పని ముగించి, లోపల్నుంచి తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆఖర్న నాన్న చూసి సరే అంటేనే బండి ఇస్తాను, అన్నా."

ఇంజను నడుస్తోంది. పెద్దాయన దాని మీదికి వంగలేదు. గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

డ్రైవరుకు ఆ చెయ్యి తెలుసు.

"అమ్మా, నా బిడ్డను బతికించింది ఈయనే. తెలీక తిట్టాను. థాంక్స్ చెబుదామని పిలిస్తే తిరిగి చూడలేదు. కోపం రాదూ మరి."

"కోపం కాదన్నా. నాన్నకు పుట్టుకతోనే వినపడదు. మీరు తిట్టిందీ తెలీదు, పిలిచిందీ తెలీదు. ఇంజను ఏమంటోందో ఆయనకు అరచేతిలోనే తెలుస్తుంది."

డ్రైవరు చేతులు జోడించాడు. పెద్దాయన అతన్నీ, జీపునూ మార్చి మార్చి చూసి, కూతురికేదో సైగ చేశాడు.

"బిడ్డ బాగుందా అని అడుగుతున్నాడు."

డ్రైవరు జోడించిన చేతులు దించాడు.

"ఆరో తరగతి అని చెప్పమ్మా. మాట వినదని కూడా చెప్పు."

సైగ చూసి పెద్దాయన నవ్వాడు.

"ట్రయల్ ఆయన్నే నడపమను," అని తాళం చెవి ఇవ్వబోయాడు డ్రైవరు.

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నాన్న ఎప్పుడూ అక్కడేనన్నా. హారన్ వినపడనివాడికి లైసెన్సు ఇవ్వలేమన్నారు. ఆ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు."

"షెడ్డు వెనక అంత ఖాళీ స్థలం ఉందిగా. అక్కడైనా?"

"బళ్ళు జనాలవి. గీత పడితే ఎవరూరుకుంటారు?"

"ఈ బండి నాది. పడనీ."

జీపును తనే ఆ ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి ఆపాడు. దిగి, పెద్దాయన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లోకి ఎక్కాడు.

క్లచ్ వదలగానే జీపు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. రెండోసారీ అంతే. పెద్దాయన సిగ్గుపడి దిగబోయాడు. డ్రైవరు ఆయన భుజం పట్టి ఆపాడు.

మూడోసారి జీపు మెల్లగా కదిలింది; నలభై ఏళ్ళుగా ఊరందరి బళ్ళ జబ్బులూ కుదిర్చిన ఆ మనిషి, అరవై మూడో ఏట, మొట్టమొదటిసారి బండి నడిపాడు.