పచ్చబడిన కంచం

"రాయే గుంటా, ఇయ్యాల మన కంచం పచ్చగా ఎలిగిందని మీ మామ్మకి ఉత్తరం రాయి," అన్నాడు దాలయ్య మనవరాలితో నిదానంగా.

ఊళ్ళో ఇంటింటా కిడ్నీ జబ్బే, ఇంటింటా కిడ్నీ కంచాలే. ఒంటికి పడనిది వడ్డిస్తే ఎర్రగా మెరుస్తాయి. బొబ్బర్లు వడ్డిస్తే దాలయ్య కంచం ఆరేళ్ళుగా ఎరుపే. ఉడికిన నీళ్ళు పారబోస్తే పాపమని, వాటిని గింజల్లోనే ఇంకించమనేవాడు. ఈసారి మనవరాలు హైమ నానిన నీళ్ళూ, ఉడికిన నీళ్ళూ తాతకు చెప్పకుండా కొబ్బరిచెట్టుకు పోసేసింది; ఒంటికి పడనిది చాలావరకు ఆ నీళ్ళతోనే పోయింది. ఉప్పు వెయ్యలేదు. గుప్పెడు గింజలు పెడితే కంచం ఆకుపచ్చగా మెరిసింది.

దాలయ్య ఒక్కో గింజే నమిలాడు.

"సప్పగున్నాయా తాతా?"

"సప్పగుంటే ఏటే, బొబ్బరి బొబ్బరే!"

హైమ నవ్వింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నాను బొబ్బర్లు తినటం ఒగ్గేశానని మీ మామ్మా ఒగ్గేసింది. మీ మేనత్తింటికెళ్ళినా అక్కడా ముట్టదు. ఇది సదివి ఇనిపించమను మీ అత్తని. మామ్మని ఇంక తినమను."