విషం దిగిన చెలక

నోటీసు చదివించుకున్న మహిపాల్ రెడ్డికి అరికాలి మంట నెత్తికెక్కింది.

చదివిన నారాయణరావు కాగితం మడిచి చేతికిచ్చాడు. రెండేళ్ల కిందటిదాకా ఆయన మహిపాల్ రెడ్డి ఊళ్లో భూమి లెక్కలు రాసే పట్వారీ. సర్కారు పట్వారీల కొలువులు ఊడబెరికాక, కేసముద్రంలో మండలాఫీసు ఎదుట రేకుల పంచన కూచుని జనానికి దరఖాస్తులు రాసిపెడుతున్నాడు. ఒకప్పుడు ఆయన గడపలోకి వస్తే కుర్చీ వేయించిన మహిపాల్ రెడ్డి, ఇప్పుడు నిలబెట్టే మాట్లాడుతున్నాడు. కాలమహిమ!

సంగతేమిటంటే, మహిపాల్ రెడ్డికి మార్కెట్ దగ్గర పురుగుమందుల దుకాణం ఉంది. గడువు తీరిన పత్తిమందు డ్రమ్ములు డజను పోగుపడితే, లంబాడీ తండా పక్కనున్న తన ఆరెకరాల మెట్ట చెలకలో గొయ్యి తీయించి పాతిపెట్టించాడు. వానలు పడ్డాయి. తండా బావి నీళ్లు కంపు కొట్టాయి. ఆ నీళ్లు తాగి తండాలో ఉండే సేవ్యా జోడెడ్లు నురగలు కక్కి చచ్చాయి.

సేవ్యా ఏడ్చి ఊరుకునే రకం కాదు. వరంగల్లు పోయి ఏకంగా కలెక్టరుకే అర్జీ పెట్టాడు. జీపులో అధికారులొచ్చి మట్టీ నీళ్లూ సీసాల్లో పట్టుకుపోయారు. దాని ఫలితమే ఈ నోటీసు. భూమి ఎవరిదైతే వాళ్లు నెల రోజుల్లో డ్రమ్ములు తీయించాలి. విషం ఇంకిన మట్టి ఎత్తించాలి. బావి తోడించాలి. లేదంటే జైలు.

“తండోడు నా మీద కలెక్టర్‌కు చెప్తడా పంతులూ! మా జీతగాళ్లు గూడ మూతి తిప్పుకోని నవ్వుతున్నరు. ఆ మట్టి ఆనితోనే ఎత్తియ్యాలె. ఆని పెండ్లం నెత్తిమీద తట్ట మొయ్యాలె. నేను గట్టు మీద కూసోని సూడాలె. గప్పుడు గాని నా కడుపు సల్లవడదు.”

నారాయణరావు గడ్డం గోక్కున్నాడు.

“ఒక్క తొవ్వ ఉన్నది పటేలా. నోటీసు భూమి గల్లోనికి. భూమే మీది గాకపోతే?”

“నాది గాక ఎవనిదయా?”

“సేవ్యాది. డెబ్బైలనే తెల్లకాగితం మీద ఆనికి అమ్మిన్రు. పాత పహాణీలు నా పెట్టెలనే ఉన్నయి. సాగు చేస్తున్నది సేవ్యా అని ఏటేటా ఎక్కియ్యొచ్చు.”

మహిపాల్ రెడ్డి ఒక్క క్షణం నోరు తెరిచాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. తెల్లకాగితం సంగతి ఆ చుట్టుపక్కల ఎవరికి తెలియదు? రిజిస్ట్రీ ఉండదు, స్టాంపు ఉండదు. నమ్మకం మీద భూమి చేతులు మారుతుంది. నమ్మకం చెడితే ఆ కాగితం పొయ్యిలోకి పోతుంది. మహిపాల్ రెడ్డి ఇంటి పొయ్యి అలాంటివి ఎన్ని మింగిందో!

“రాయి పంతులూ, రాయి! ఆడు అంత సాపు జేసినంక సింపి పారేస్త. తెల్లకాగితం ఎన్నడన్న చెల్లిందా?”

“మీ ఇష్టం పటేలా.”

నారాయణరావు పెట్టె అడుగునుంచి పసుపు తేలిన కాగితం తీశాడు. పాత తారీఖు వేశాడు. సాక్షులుగా ఇద్దరు చచ్చినవాళ్ల పేర్లు పెట్టాడు. చచ్చినవాళ్లు మాట మార్చరు కదా!

మండలాఫీసులో నారాయణరావు ఆ కాగితం, పహాణీలు చూపించాక మహిపాల్ రెడ్డి దేవుడి మీద ప్రమాణం చేశాడు.

“అమ్మి పదహారేండ్లాయె సారూ. ఆ భూమితోని నాకు ఏ సంబంధం లేదు. దుకాణంల మందు అమ్ముత. ఎవలు కొనుక్కపోయి యాడ పాతిన్రో నాకేమెరుక?”

చెప్పిందంతా గుమాస్తా రాశాడు. మహిపాల్ రెడ్డి కాగితం కాగితానికీ సంతకం గీకి, మీసం మెలేస్తూ వెనక నిలబడ్డ సేవ్యా వైపు చూశాడు. ఇప్పుడు పడతాడు కాళ్ల మీద!

సేవ్యా పడలేదు. తల వంచుకునే చెప్పాడు.

“కొన్నది నిజమే సారూ. భూమి నాదే. మట్టి మేమే ఎత్తుతం.”

వేలిముద్ర వేశాడు. అధికారి సీలు గుద్దాడు. జైలంటే ఎవడికైనా భయమే అనుకుని మహిపాల్ రెడ్డి సంబరపడ్డాడు.

మర్నాటినుంచి తండాకు తండా చెలకలోకి దిగింది. మూతులకు గుడ్డలు కట్టుకుని డ్రమ్ములు పైకి తీశారు. సర్కారు లారీ వచ్చి వాటిని పట్టుకుపోయింది. విషపు మట్టి గంపలకు గంపలు తీసి, అధికారులు చూపించిన గోతిలో పోసి, బావి తోడారు. మహిపాల్ రెడ్డి గొడుగు వేయించుకుని రోజూ గట్టు మీద కూచున్నాడు. ఎండలో తట్ట మోస్తున్న సేవ్యా పెళ్లాన్ని చూస్తుంటే ఆయనకు అన్నం కూడా గుర్తు రాలేదు.

“ఏం చంద్రీ, కలెక్టర్‌కు ఇంకో కాయితం పెడ్తరా?”

“వద్దు పటేలా. ఒక్కటే సాలు.”

ఆ జవాబుకు జీతగాళ్ల ముందు వారం రోజులు నవ్వాడు.

నెల తిరిగేసరికి బావిలో తేట నీళ్లు ఊరాయి. అధికారులు మళ్లీ మట్టి పరీక్ష చేయించి, చెలక బాగుపడిందని రాసిచ్చారు. ఆ సాయంత్రమే మహిపాల్ రెడ్డి రేకుల పంచ దగ్గర జీపు ఆపించాడు.

“పంతులూ, మంచిగ సాపు జేసిన్రు. రేపు మా ట్రాక్టర్ దిగుతది. ఏదీ, ఆ తెల్లకాయితం ఇటు దే, సింపుత.”

నారాయణరావు రాస్తున్న దరఖాస్తు మీద నుంచి తల ఎత్తలేదు.

“అది మీ ప్రమాణంతోని సర్కారు దస్త్రంల చేరింది పటేలా, అరవై తొమ్మిదిల సేవ్యా జైల్ల ఉన్నప్పుడు ఆని ఆరెకరాలు మీ పేర రాసిన చెయ్యి గిదే, ఇప్పుడు మీ సంతకంతోనే మర్ల ఆనికి రాసిన చెయ్యీ గిదే.”